పెన్సిల్ గీత, తడిబట్ట

మా నాయనమ్మకు తెలిసిన వైద్యం ఒక్కటే, తడిబట్ట. జ్వరమొస్తే నుదుటి మీద తడిబట్ట. పాలు విరగకుండా గిన్నె చుట్టూ తడిబట్ట. ఎండాకాలం మంచినీళ్ళ మట్టికుండకు, అదే రంజన్‌కు, చుట్టారంటే సరే, అది అందరిళ్ళలోనూ ఉండేదే. మా ఇంట్లో బాపు స్కూటర్ సీటు మీద కూడా తడిబట్ట ఉండేది. బాపు డ్యూటీకి బయలుదేరే ముందు దాన్ని తీసి, పిండి, తీగ మీద ఆరేసి, "ఇగ కూసో, సల్లగైంది" అనేది. బాపు బస్సు కండక్టర్. తడిసిన ప్యాంటుతో బస్సంతా తిరుగుతూ టికెట్లు కొడుతుంటే జనం ఏమనుకునేవారో ఆ దేవుడికే ఎరుక. బాపు మాత్రం ఒక్కరోజు కూడా వద్దనలేదు.

ఆ అలవాటు ఆమెకు బేగంబజార్లో అబ్బింది. వయసులో ఉన్నప్పుడు అక్కడొక మిర్చి దుకాణంలో ఎండుమిరపకాయల తొడిమలు తీసే పని చేసింది. పొద్దంతా తీస్తే సాయంత్రానికి అరచేతులు భగభగ మండేవట. ఇంటికి రాగానే రెండు చేతులకూ తడిబట్ట చుట్టుకుని గోడకానుకుని కూర్చునేదట. "మీ బాపు పాలకేడ్సినా ఎత్తుకోకపోయేదాన్ని బిడ్డా, వానికి మంట తగుల్తదని" అని చెప్పేది. ఆ పని మానేసి ఎన్నో ఏళ్ళయినా తడిబట్ట మాత్రం మానలేదు. వేడిగా ఉన్నది ఏది కనబడినా ఆమె కళ్ళు బట్టపేలిక కోసం వెతికేవి.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన పనికి శిక్ష ఈ తడిబట్టకు పడింది.

మేముండేది హైదరాబాద్ కార్వాన్‌లో, ఒక ఇంటి పై వాటాలో. ముందు గది, వెనక వంటిల్లు, పైన రేకుల గది ఒకటి. ముందు గది కిటికీకి ఇనప కూలర్ బిగించి ఉండేది. దానికి ఎదురుగా నాయనమ్మ మంచం. ఎండ ఆమెకు అస్సలు పడదు. బీపీ మాత్రలు వేసుకునేది. ఏప్రిల్ దాటిందంటే మొహం కందిపోయి ఆయాసపడేది. అందుకని ఆ కూలర్ గాలి ఆమెదేనని, ఎవరూ చెప్పకుండానే ఇంట్లో అందరికీ తెలుసు. పక్కలకు తప్పించుకొచ్చిన గాలి మాకు.

కొత్త శతాబ్దం వచ్చిన కొత్తలో నేను డిగ్రీ అయిందనిపించి మలక్‌పేటలో మల్టీమీడియా కోర్సులో చేరాను. కంప్యూటర్‌లో బొమ్మలు చేసి వాటిని కదిలించే చదువు. ఇంట్లో కంప్యూటర్ లేకుండా ఆ చదువు సాగదు. నా పోరు పడలేక బాపు సికింద్రాబాద్ తీసుకెళ్ళి, విడిభాగాలు బిగించి ఇచ్చే షాపులో ఒకటి కొనిచ్చాడు. ఆటోలో మానిటర్ నా ఒళ్ళో, సీపీయూ డబ్బా బాపు ఒళ్ళో. ఇంటికి రాగానే నాయనమ్మ దానికి పసుపు, కుంకుమ పెట్టి, గడప ముందు కొబ్బరికాయ కొట్టి, "సల్లగుండు బిడ్డా" అని దీవించింది. నన్ను కాదు, డబ్బాను. పైన రేకుల గదిలో పెడితే కాలిపోతుందని దాన్ని ముందు గదిలోనే, ఆమె మంచం పక్కన పెట్టాం.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పటికీ ఉంది, కావాలంటే మా ఆయన్ని అడగండి. ఆ కోపంలో సగం రోషం. క్లాసులో మిగతావాళ్ళ మిషన్లు నా దానికంటే వేగంగా ఉండేవి. ఒక బంతి నేల మీద పడి లేచే బొమ్మ తయారవ్వాలంటే వాళ్ళకు టీ తాగి వచ్చేలోపు అయిపోయేది, నాకు పూట పట్టేది. యాకుత్‌పురా నుంచి వచ్చే ఒక క్లాస్‌మేట్ నా పని చూసి "తేరా కంప్యూటర్ తో బైల్‌గాడీ హై" అన్నాడు. అందరూ నవ్వారు. ఎడ్లబండట! బాపు కొనిచ్చిన దాన్ని పట్టుకుని ఎడ్లబండంటాడా! నాకు ఒళ్ళు మండిపోయింది. నవ్వినవాడే మర్నాడు జాలిపడి, దానికో చిట్కా ఉందని చెప్పాడు.

కంప్యూటర్‌కు బుర్ర లాంటిది ప్రాసెసర్. అరచేతిలో పట్టే చిన్న పలక. చేసే కంపెనీవాళ్ళు దాన్ని ఇంత వేగంతోనే పరిగెత్తాలని లాక్ చేసి అమ్ముతారు. ఆ లాక్ ఎక్కడో లోపల ఉండదు, మా దగ్గరున్న రకానికైతే పలక పైనే, కంటికి కనబడేలా ఉండేది. వరసగా నాలుగైదు బుడిపెల జతలు. వాటి మధ్య సన్నటి గీతలుంటాయి, వాటిని ఫ్యాక్టరీలోనే కోసేస్తారు. కోసిన చోట పెన్సిల్‌తో గీత గీస్తే చాలు. పెన్సిల్ ముల్లులో కరెంటు పారుతుంది, తెగిన దారి కలుస్తుంది, లాక్ తీసినట్టే. ఆ తర్వాత వేగం మన చేతిలో ఉంటుంది, ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు. పెన్సిల్! చిన్నపిల్లలు రాసుకునే పెన్సిల్. నేను నమ్మలేదు. అతను తన మిషన్ విప్పి చూపించాడు.

"లేకిన్ గర్మీ మే మత్ కరో" అని కూడా అన్నాడు. ఎండాకాలంలో మాత్రం వద్దు, వేగం పెరిగితే వేడి పెరుగుతుంది, పెద్ద ఫ్యాన్ పెట్టించి, వానలు పడ్డాక చెయ్యి అని. అది మే నెల మొదలు. వానలు పడేదాకా నా రోషం ఆగుతుందా?

బాపు డ్యూటీకి, అమ్మ చుట్టాలింటికి వెళ్ళిన రోజు చూసి పని మొదలుపెట్టాను. డబ్బా పక్క రేకు విప్పి, ప్రాసెసర్ మీదున్న ఫ్యాన్ ఊడదీశాను. ఆ బుడిపెలు ఆవగింజలో సగం కూడా లేవు. కళ్ళు చికిలించి చూస్తుంటే మంచం మీది నుంచి నాయనమ్మ తన కళ్ళజోడు తీసి అందించింది.

"గిది పెట్టుకోని సూడు. మస్తు పెద్దగ కనవడ్తది."

పెట్టుకున్నాను. నిజంగానే పెద్దగా కనబడింది. మెత్తటి పెన్సిల్ కొస చెక్కి ఒక్కొక్క గీతా కలుపుతుంటే ఆమె వంగి చూసింది.

"ఏం గీస్తున్నవే?"

"ముగ్గేస్తున్న నాయనమ్మా."

"డబ్బాకు ముగ్గా? ఇగ పెండ్లి గూడ జెయ్యి" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. అన్నీ బిగించి స్విచ్ వేసి వేగం పెంచాను. ఆ బంతి బొమ్మ, ఏం చెప్పను, ఆమె తమలపాకు నమిలే లోపు తయారైపోయింది. నేను ఎగిరి గంతేశాను. నాయనమ్మకు ఏమీ అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టింది. కళ్ళజోడు తిరిగివ్వడం కూడా మర్చిపోయాను, సాయంత్రం దాకా పాపం తడుముకుంటూ తిరిగింది.

మర్నాడు మధ్యాహ్నం మిషన్ బిగుసుకుపోయింది. తెర మీద ఏదీ కదలదు. కట్టేసి, చల్లారాక వేస్తే పనిచేసింది, మళ్ళీ బిగుసుకుంది. పక్క రేకు తీసేసి వదిలేశాను, టేబుల్ ఫ్యాన్ పెట్టాను. గాలే వేడిగా ఉంటే ఫ్యాన్ మాత్రం ఏం చేస్తుంది? వేగం తగ్గించుకుంటే సరిపోయేది. ఆ మాట నా బుర్రకు తట్టింది కూడా. మళ్ళీ ఎడ్లబండి తోలాలా అనిపించింది. గదిలో చల్లగా ఉన్న చోటు ఒక్కటే, నాయనమ్మ మంచం ఉన్న చోటు.

నేను అడగలేదు. అడగకుండా అడిగాను, అది ఇంకా పాడు పని. డబ్బా మీద చెయ్యి పెట్టి, మొహం వేలాడేసుకుని కూర్చున్నాను.

"ఏమైంది బిడ్డా?"

"దీనికి జరమొచ్చింది నాయనమ్మా."

ఆమె లేచి వచ్చి డబ్బా మీద అరచెయ్యి ఆనించింది. "అయ్యో, నిజమే! కాల్తున్నది. తడిబట్ట ఎయ్యనా?"

"అమ్మో, వద్దు వద్దు. సల్లగాలి చాలు."

"గంతే గదా? నా మంచం గా గోడ దిక్కు జరుపు. నాకేంది, ముసల్దాన్ని. నీ సదువు నడవాలె."

నేను ఆ మాట కోసమే కూర్చున్నాను. వెంటనే మంచం జరిపేశాను. తుంపర్లు పడకుండా డబ్బా రేకు మళ్ళీ బిగించి, కూలర్ ఎదురుగా టేబుల్ పెట్టాను. సాయంత్రం అమ్మ వచ్చి చూసి "గిదేంది, ఆమెకు గాలొద్దా?" అని లొల్లి చేసింది. నాయనమ్మే అడ్డుపడింది. "నేనే జరపమన్న. నువ్వు ఊకో. డబ్బాకు జరమొచ్చింది." అమ్మకు నవ్వొచ్చి ఊరుకుంది. బాపు విసనకర్ర ఒకటి కొనుక్కొచ్చి మంచం మీద పెట్టాడు.

ఆ ఎండాకాలం నాకు గుర్తున్న చప్పుడు ఆ విసనకర్రదే. నేను తెరకేసి చూస్తూ పని చేసుకునేదాన్ని, నాకూ డబ్బాకూ చల్లటి గాలి. వెనక గోడ దగ్గర టపటపమని విసురుకోవడం, మధ్యమధ్య ఆగి ఆయాసపడడం. ఒక్కోసారి వచ్చి డబ్బా పక్కన నిలబడేది, కాస్త గాలి తగులుతుందని. "జరుగు నాయనమ్మా, గాలికి అడ్డమొస్తున్నవ్" అనేదాన్ని. జరిగేది. గాలికి అడ్డం! ఆమె గాలికి ఆమే అడ్డమట. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆమె మాత్రం కూలర్‌లో నీళ్ళు అయిపోతే చెంబుతో మోసి పోసేది. నాకు చెప్పేది కూడా కాదు. "జరం తగ్గిందా?" అని డబ్బాను తాకి చూసి వెళ్ళేది.

ఆ నెలాఖరులో ఒకరోజు నాకు క్లాసు లేదు. మలక్‌పేటలో స్నేహితులు కలుసుకుంటున్నారని తెలిసి, నా మిషన్ ఇప్పుడెంత వేగంగా ఉందో గొప్పలు చెప్పుకోవడానికి బయలుదేరాను. తిరిగొచ్చేసరికి ఒక పెద్ద బొమ్మ తయారై ఉండాలని దాన్ని నడుస్తూనే వదిలేశాను. అమ్మ వంటింట్లో నిద్రపోతోంది.

"నాయనమ్మా, కరెంటు పోతే కింద గీ బాక్సు కుయ్‌కుయ్ మంటది. దాంట్ల బ్యాటరీ ఉంటది, డబ్బా నడుస్తనే ఉంటది. నువ్వేం ఫికర్ చెయ్యకు" అని చెప్పి చెప్పులు వేసుకున్నాను.

నేనే చెప్పాను కదా, బ్యాటరీతో డబ్బా నడుస్తుందని. కూలర్‌కు బ్యాటరీ లేదని నాకు తెలియదా? తెలుసు. కరెంటు పోతే గాలి ఆగిపోతుంది, డబ్బా మాత్రం మండుటెండలో పరిగెడుతూనే ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం మా గల్లీలో కరెంటు పోవడం కొత్తా? ఇవన్నీ తెలుసు. ఒక్కదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు, అంతే. గొప్పలు చెప్పుకోవాలనే తొందర.

తిరిగొచ్చేసరికి గుమ్మంలోనే కాలిన వాసన. తెర నల్లగా ఉంది. డబ్బా మీద నాయనమ్మ పాత చీర ముక్క, నాలుగు మడతలు వేసి, తడిపి, పరిచి ఉంది. ఆమె పక్కనే నేల మీద కూర్చుని దాన్ని విసనకర్రతో విసురుతోంది. నన్ను చూడగానే లేచింది.

"కరెంటు పోయింది బిడ్డా. గది కుయ్‌కుయ్ మన్నది. ఏడుస్తున్నట్టే ఉండె. జర సేపటికి తెర నల్లగైంది, వాసనొచ్చింది. పోయి ముడితే కాలిపోతున్నది. గప్పుడు గీ బట్ట ఏసిన..."

నేను వినలేదు. అంటే చెవిన పడింది, తలకెక్కలేదు. నా కళ్ళకు తడిబట్ట ఒక్కటే కనబడింది.

"నీ చేతులు పాడుగాను!" అని అరిచాను. "కరెంటు మిషన్ మీద నీళ్ళు పోస్తరా ఎవరన్న? ఏది ముట్టినా ఖరాబే! ఇగ నా సామాను ఏదీ ముట్టకు. గా చేతులతోని ఏదీ ముట్టకు!"

అమ్మ లేచి పరిగెత్తుకొచ్చింది. కింద వాటాలో ఉండే టైలర్ కుట్టుమిషన్ ఆపి మెట్ల దగ్గరికి వచ్చి "క్యా హువా బేటీ?" అన్నాడు. నేను బట్టను లాగి మూలకు విసిరికొట్టాను. నాయనమ్మ విసనకర్ర కింద పెట్టింది. తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది, ఇంకా ఏదో అంటుకుని ఉందేమోనన్నట్టు. తర్వాత వెళ్ళి ఆ బట్ట ఏరుకుని, పిండి, తీగ మీద ఆరేసింది.

సాయంత్రానికి తీర్పు అయిపోయింది. బాపు తల్లిని గట్టిగా ఒక్క మాట అనే మనిషి కాదు. "కరెంటు సామాను మీద నీళ్ళెయ్యొద్దు అవ్వా. షాకు కొడితే ఏమయ్యేటిది?" అన్నాడు మెల్లగా. అమ్మ నన్ను పక్కకు లాగి "పెద్దామెను గంత మాటంటవా?" అని తిట్టింది. అంతేగానీ తప్పు ఎవరిదన్న విషయంలో ఎవరికీ అనుమానం లేదు. నాకూ లేదు. నాయనమ్మ అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

పొద్దున లేచి డబ్బా విప్పాను. ఎక్కడ తడిసిందో, ఏదైనా ఆరబెడితే బతుకుతుందేమో చూద్దామని. లోపల ఎక్కడా తడి లేదు. దుమ్ము దుమ్ముగానే ఉంది. చుక్క పడి ఉంటే దుమ్ములో మచ్చ ఉండాలి కదా, ఒక్క మచ్చా లేదు. ఆమె బట్టను ఎంత గట్టిగా పిండి వేసిందో! ప్రాసెసర్ మీది ఫ్యాన్ తీశాను. పలక మధ్యలో ఒకచోట మాడి గోధుమరంగుకు తిరిగింది. ఆ పక్కనే నా పెన్సిల్ గీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది ఆమె చెప్పింది. ముందు తెర నల్లగైంది. వాసనొచ్చింది. తర్వాత బట్ట వేసింది. అంటే బట్ట వేసేసరికే అది చచ్చిపోయి ఉంది. చంపింది నేను. ఆమె చేసిందల్లా కాలిపోయిన దాని ఒళ్ళు చల్లార్చడం.

ఇక్కడి నుంచే కథ వంకర తిరిగింది. నేను దాచలేదండీ. ఆ రోజే, టీ తాగేటప్పుడు, ముగ్గురి ముందూ చెప్పేశాను.

"నాయనమ్మది తప్పు లేదు. నేనే కాలవెట్టిన. దాని లాక్ తీసి వేగం పెంచిన. గందుకే వేడైంది, గందుకే కాలింది."

"లాకేంది? తాళం యాడున్నది దానికి?" అన్నాడు బాపు.

"తాళం గాదు. గీతలు. పెన్సిల్‌తోని కలిపిన."

"పెన్సిల్‌తోనా?"

ప్రాసెసర్ తెచ్చి చేతిలో పెట్టాను. బాపు దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. బొటనవేలితో రుద్దాడు. నా గీత కాస్త చెరిగి వేలికి నల్లగా అంటింది. ఆ మరక చూసుకుని నవ్వాడు. నా తల మీద చెయ్యి వేశాడు.

"పెన్సిల్ గీతకు గింత పెద్ద మిషన్ కాలుతదారా? నాయనమ్మను బచాయించనీకి చెప్తున్నవ్ గదా. నాకెర్కే. నీది మంచి మనసు బిడ్డా."

"కాదు బాపూ, నిజంగ..."

"సరే సరే. లోపల తడి ఆరిపోయి ఉంటది. పోనీ. అవ్వను ఇగ ఎవరేం అనొద్దు."

అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిన్న తిట్టిన నోటితోనే "మా బంగారం" అంది. నేను నాయనమ్మ వైపు తిరిగాను. ఆమె చూసింది కదా, ఆమె కళ్ళజోడే పెట్టుకున్నాను కదా.

"నువ్వన్న చెప్పు నాయనమ్మా. నేను గీసింది నువ్వు జూడలే? ముందుగాల తెర నల్లగైంది, ఆ తర్వాత బట్ట ఏసిన అని నువ్వే అన్నవ్ గదా?"

ఆమె చాలాసేపు ఆలోచించింది. నిజాయితీగా ఆలోచించింది, అదే నన్ను చంపుతుంది.

"ఏమో బిడ్డా. బట్టే ముందుగాల ఏసినట్టున్న. ఏసినంక నల్లగైంది."

ఒక్క రాత్రిలో ఆమె జ్ఞాపకం తిరగబడిపోయింది. నేనంత గట్టిగా అరిచాను మరి. మనవరాలు అంత నమ్మకంగా అరిచిందంటే, తాను చూసిందే తప్పయి ఉంటుందనుకుంది.

కింద టైలర్‌కు చెప్పాను. ఆయన "షాబాష్ బేటీ" అన్నాడు. చుట్టాలు వచ్చినప్పుడు నాయనమ్మే మొదలుపెట్టేది. "నేను డబ్బాను ఖరాబు చేస్తే నా మనవరాలు తన మీదేస్కున్నది" అని. "నేనే చేసిన" అని నేను ఎంత అరిస్తే, అదిగో చూశారా అన్నట్టు అందరూ తలలాడించేవారు. చెప్పిన ప్రతిసారీ నా మంచితనం పెరిగిపోయేది. కొన్నాళ్ళకు చెప్పడం మానేశాను. ఎలాగూ నమ్మరు కదా అని మానేశానని నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. మిగతా సగం, ఆ మెచ్చుకోలు నాకు బాగానే ఉంది. ఛీ!

బాపు వేరే ప్రాసెసర్ వేయించి ఇచ్చాడు. నేను దాని జోలికి పోలేదు. నాయనమ్మ మంచం మళ్ళీ కూలర్ ఎదురుగా పెట్టాను. కానీ ఇల్లు మాత్రం మునుపటిలా లేదు. నాకు వెంటనే అర్థం కాలేదు. ముందు స్కూటర్ సీటు ఖాళీగా కనబడింది. బాపు కూర్చోబోయి, చురుక్కుమని లేచి, సీటు వైపు చూసి, మళ్ళీ కూర్చుని వెళ్ళిపోయాడు. తర్వాత రంజన్ పొడిగా కనబడింది. ఓ రోజు పాలు విరిగాయి. తీగ మీద ఆ పాత చీర ముక్క ఆరిన చోటే ఎండిపోయి రంగు పోతూ ఉండిపోయింది. నేనే తడిపి రంజన్‌కు చుట్టాను. ఆమె చూసి "మంచిగ చుట్టినవ్" అంది, ఇంకొకరి ఇంట్లో వస్తువును చూసి మెచ్చుకున్నట్టు. టీవీ స్విచ్ వేయాలన్నా నన్ను పిలిచేది. నా పుస్తకాలు కింద పడినా తీసేది కాదు. గా చేతులతోని ఏదీ ముట్టకు అన్నాను కదా. కోపంలో అన్నదాన్ని నేను మర్నాటికి వదిలేశాను. ఆమె పట్టుకుంది.

మరుసటి ఏడాది వానాకాలంలో నాకు టైఫాయిడ్ వచ్చింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. డాక్టర్ మందులిచ్చి, తడిబట్ట వేస్తూ ఉండమన్నాడు. అమ్మ బకెట్టు, బట్ట తెచ్చి నా పక్కన పెట్టి, ఏదో పొంగుతోందని వంటింట్లోకి పరిగెత్తింది. నాయనమ్మ నా తల దగ్గర కూర్చుని ఉంది. నేను కళ్ళు మూసుకుని ఎదురుచూశాను. చిన్నప్పటి నుంచి ఒంట్లో బాగాలేనప్పుడల్లా, అడక్కుండానే, మొదట వచ్చేది ఆ బట్టే. ఎంతకీ రాలేదు.

కళ్ళు తెరిచాను. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది.

"ఎయ్యి నాయనమ్మా" అన్నాను.

"మీ అమ్మొచ్చి ఏస్తది బిడ్డా. జర ఓపిక పట్టు."

"నువ్వే ఎయ్యి."

"వద్దమ్మా. నా చేతితోని వద్దు."

"నేనేమన్న కంప్యూటర్‌నా?" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. వంటింటి వైపు తిరిగి అమ్మను కేకేసింది, "బిరాన రా, పోరి కాలిపోతున్నది" అని. ఆ గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు. ఆమె చెయ్యి పట్టుకుని లాగి నా నుదుటి మీద పెట్టుకున్నాను. ఒక్క క్షణం ఉంచి, గబుక్కున తీసేసుకుంది.

అమ్మ వచ్చింది. బట్ట ముంచి, సరిగా పిండకుండానే నుదుటి మీద వేసింది. నీళ్ళు కణతల మీదుగా చెవుల వైపు కారాయి. నాయనమ్మ వెంటనే ముందుకు వంగింది. తన పొడి కొంగు వేలికి చుట్టుకుని, కారిన ప్రతి చుక్కనూ చెవి దాకా పోనివ్వకుండా అద్దసాగింది.

"జర పైలం" అని అమ్మతో అంటోంది. "లోపటికి నీళ్ళు పోతయి. లోపటికి పోతే మళ్ళ బాగుగాదు."